మేడంకు రిలీవర్

సత్యవతి మేడం రిటైరైన రోజు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేనే. శాలువా కప్పింది నేను, ఫోటోలో పక్కన నిలబడింది నేను, కాన్పుల వార్డు ఇన్‌ఛార్జి డాక్టరుగా ఆమె స్థానంలోకి వచ్చిందీ నేనే. సోమవారం పొద్దున కొత్త చీర కట్టుకుని వార్డుకు వెళ్తే, నా కుర్చీలో మేడం కూర్చుని ఇడ్లీ తింటున్నారు.

"నిన్న ఇంట్ల రెస్టు తీసుకున్న సంధ్య. ఇంక సాలు," అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆ వారమంతా నవ్వొచ్చింది. పై వారం నుంచి నవ్వు రావడం మానేసింది.

మేడం ఊరికే గురువు కాదు. నాకు సూది పట్టడం నేర్పారు, సూపరింటెండెంటు గదిలో గొంతు పెంచడం నేర్పారు. నా కొడుకు చంటివాడిగా ఉన్నప్పుడు డ్యూటీ రూంలో తన చీరతోనే ఉయ్యాల కట్టి, "పిల్లగాణ్ణి తెచ్చుకున్నందుకు సిగ్గేంది? ఇది కాన్పుల వార్డే గదా," అన్నారు. అలాంటి మనిషిని ఇంటికి పొమ్మని ఏ నోటితో చెప్పను?

చెప్పక తప్పని పరిస్థితి నేనే తెచ్చుకున్నాను. ఇన్‌ఛార్జినవగానే ఒక ఆర్డరు వేశాను. డ్యూటీ అయిపోయిన డాక్టరు, తర్వాత వచ్చిన డాక్టరుకు పేషెంటు మంచం దగ్గరే అన్నీ ఒప్పజెప్పి వెంటనే ఇంటికి వెళ్లాలి. మా వార్డులో డాక్టర్లందరం ఆడవాళ్లమే. డ్యూటీ అయ్యాక కూడా గంటలకు గంటలు ఉండిపోవడం మాకో గొప్ప. మా పిల్లలు మాత్రం పక్కింటి వాళ్ల చారు తాగి పెద్దవాళ్లవుతున్నారు. ఆర్డరు విని అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కరూ కదల్లేదు.

"రిటైరైన సత్యవతి మేడమే పోకపాయె. నౌకరిల ఉన్న నేనెట్ల పోత మేడం?" అంది మా జూనియర్ డాక్టరు దీప. దీపకు ఇంట్లో పాలు తాగే పాప ఉంది. ఇలాగే సాగితే దీప ఉద్యోగం మానేస్తుంది, నేను పేరుకు మాత్రం ఇన్‌ఛార్జినవుతాను.

పాము చావాలి, కర్ర విరగకూడదు. మేడంను పామన్నానని కాదు, సామెత అలా ఉంది మరి. ముందు అరకు పోయే టూరు బస్సులో సీటు కొనిచ్చాను. మేడం ఆ సీటు మా హెడ్ నర్సు లిల్లీకి ఇచ్చి పంపేశారు. లిల్లీ తిరిగొచ్చేదాకా ఆమె పని కూడా మేడమే చేశారు. తర్వాత మేడం వెళ్లే చర్చి పాస్టరు గారిని పట్టుకుని, క్రిస్మస్ పాటలు నేర్పించే బాధ్యత మేడంకు ఇప్పించాను. పాటల బృందం మా వరండాకే రావడం మొదలుపెట్టింది. నొప్పులు పడుతున్న ఒకామె, "గా మూడో ఆమెకు రాగమొస్తలేదు, జర ఆపుమనుండ్రి," అని నన్నే కసిరింది. చివరికి మొండికేసి మేడం కూర్చునే కుర్చీ తీయించేశాను. మర్నాడు ఆమె ఇంటి నుంచి స్టూలు తెచ్చుకున్నారు.

మా ఆయన జగదీశ్వర్ బొగ్గు బాయిలో ఓవర్‌మన్, అంటే భూమి లోపల ఒక షిఫ్టుకు పెద్ద. ఇదంతా చెబితే బెండకాయలు తరుగుతూ పడీ పడీ నవ్వాడు.

"మా బాయిల తర్వాతి షిఫ్టు రిలీవర్ వచ్చి ఛార్జి తీసుకోకుంటె, పాతోడు పని జాగ ఇడిశి పైకి రాడు. నువ్వు ఛార్జి తీసుకున్నవా?"

"సంతకం పెట్టిన గదా."

"సంతకం గాదు. ఛార్జి తీసుకున్నోడు ఉండంగ పాతోని మాట ఎవ్వడు వినడు. మీ తాన ఎవల మాట నడుస్తాంది?"

నాకు ఒళ్లు మండింది. ఆ పూట కూరలో ఉప్పు లేదని వంక పెట్టాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

కొన్నాళ్లకు రామగిరి నుంచి లస్మవ్వ అనే ఆమె కూతురిని తొలి కాన్పుకు తీసుకొచ్చింది. మధ్యాహ్నం దాటాక బిడ్డ గుండె చప్పుడు తగ్గింది, పెరిగింది, మళ్లీ తగ్గింది. నేను చూశాను. మేడమూ చూశారు.

"ఇంకొంచెం ఆగుదాం. మామూలుగనే అయితది," అన్నారు మేడం.

లిల్లీ మేడం వైపు చూసింది. దీప మేడం వైపు చూసింది. సిగ్గు లేకుండా నేనూ ఆమె వైపే చూశాను. అంతలో చప్పుడు ఇంకోసారి తగ్గింది, ఈసారి త్వరగా పెరగలేదు. నాకు భయమేసింది. ఆ భయంలోంచే కోపం వచ్చింది.

"లిల్లీ, నా దిక్కు చూడు. ఆపరేషన్ ఇప్పుడే, థియేటర్ తయారు చెయ్. మేడం, మీరు బయటికి పొండ్రి."

లిల్లీ థియేటర్ వైపు పరుగెత్తింది. మేడం బయటికి నడిచారు.

బిడ్డ మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఆడపిల్ల. తీసిన వెంటనే ఏడవలేదు. ఆ కాసేపట్లో నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, మేడం గారి దేవుడికి కూడా మొక్కాను. ఆ తర్వాత అది ఎత్తుకున్న రాగానికి వార్డు దద్దరిల్లింది.

తల్లి కుదుటపడ్డాక వరండాలోకి వెళ్లాను. అక్కడ మేడం లస్మవ్వ రెండు చేతులూ పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. లస్మవ్వకు మనవరాలు పుట్టింది, సరే. ఈమెకేమైంది?

"తప్పయింది మేడం," అన్నాను.

"నీదేం తప్పు? తప్పు నాది. నేనైతె ఆగుతుంటి. ఆగితె ఏమైతుండెనో నీకెరుక, నాకెరుక." ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వు ఆపడం లేదు. "నాకన్న బాగ చూశెటామె ఇక్కడున్నదని ఇయ్యాల తెలిసింది. గా ముచ్చట తెల్వకనే ఇన్ని దినాలు ఇంట్ల నిద్ర పట్టలే నాకు. పోతున్న బిడ్డా. ఇంక రాను."

లోపల దీప డ్యూటీ అయిపోయింది. సాయంత్రం డ్యూటీకి వచ్చిన డాక్టరుకు ఒక్కో మంచం దగ్గరా నిలబడి ఒప్పజెప్పి, బ్యాగు భుజాన వేసుకుని, "పాప ఎదురుచూస్తది" అని మెట్లు దిగింది. నన్ను అడగలేదు, తల వంచుకోలేదు. నాకు విజిల్ వేయాలనిపించింది.

లస్మవ్వ కూతురి సంగతులన్నీ సాయంత్రం డాక్టరుకు చెప్పి నేనూ కిందికి వచ్చాను. గేటు ముందు ఆటోలో కూర్చుని మేడం చేయి ఊపారు. ఎక్కాను. ఎండ ఇంకా పోలేదు. మాకు నవ్వు ఆగడం లేదు.

"ఏడికి పోదాం మేడం?"

"ఏమో. గీ యాళకు ఊరు ఎట్లుంటదో నేనెన్నడు చూడలే."

"మావాని బడికి పోదాం," అన్నాను.

బడి వదిలే వేళకు నేనెప్పుడూ అక్కడికి వెళ్లలేదు. బడికి రెండు గేట్లున్నాయి. పిల్లలు ఏ గేటు నుంచి వస్తారో తెలియక, ఇద్దరు డాక్టర్లం చెరో గేటు దగ్గర నిలబడ్డాం.