కోల్డ్ రూమ్ తాళంచెవి

మా వదినకు ఇంట్లో పేరు కుంపటి. పెట్టినవాడు మా అన్నయ్య. పెట్టి, తానే పగలబడి నవ్వాడు. ఆయన జోకులకు మొదటి ప్రేక్షకుడు ఆయనే, చాలాసార్లు ఆఖరివాడు కూడా.

నెలసరి నిలిచిపోయే వయసు వచ్చాక వదినకు ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి. ముఖం కందిపోయి, మెడ వెనక చెమట కారేది. అలా వచ్చినప్పుడల్లా కత్తెర బల్ల మీద పెట్టి, మా పూల దుకాణం వెనకున్న కోల్డ్ రూమ్‌లోకి వెళ్లి గులాబీల బకెట్ల మధ్య నిలబడేది. కాసేపటికి వేడి దిగేది, వెంటనే చలి పుట్టేది. శాలువా చుట్టుకుని బయటికొచ్చి, ఏ కొమ్మ దగ్గర ఆపిందో ఆ కొమ్మ దగ్గరే మళ్లీ కత్తెర పట్టేది.

దుకాణం బోర్డు మీద పేరు అన్నయ్యది. లోపల ప్రతి పువ్వూ వదిన మాట వింటుంది. లిల్లీ మొగ్గను బొటనవేలితో నొక్కి, ఇది ఎల్లుండి విచ్చుకుంటుంది అంటే విచ్చుకోవాల్సిందే. డెలివరీ వ్యాను నడిపేదాన్ని కాబట్టి ఆ పూలు చూసి జనం నోళ్లు వెళ్లబెట్టడం కళ్లారా చూసేది నేను. ఆ పొగడ్తలు నేనే తెచ్చి ఆవిడకు అప్పజెప్పేదాన్ని. ఆవిడ వినేది కాదు. "వ్యానులో నీళ్లు ఒలికాయా?" అని అడిగేది.

ఒక పెళ్లికి హాలంతా తెల్ల గులాబీలతో నింపే ఆర్డర్ వచ్చింది. మర్నాడే పెళ్లి. ఆ పొద్దున చూస్తే బకెట్లలో గులాబీలు కొన్ని తలలు వాల్చేశాయి.

"గది చల్లబడటం లేదండీ, మెకానిక్‌ని పిలవండి" అంది వదిన.

అన్నయ్య తలుపు పక్కన చల్లదనం చూపే మీటరు వైపు చెయ్యి చూపించాడు. "ముల్లు ఎక్కడుందో కనబడటం లేదా? గది బాగానే ఉంది. తేడా నీ ఒంట్లో ఉంది. మాటిమాటికీ తలుపు తీసుకుని లోపలికెళ్తున్నావు, నీ వేడికే పూలు వాడిపోతున్నాయి."

ఒంట్లో వేడితో గదిలో పూలు వాడ్చే ఆడమనిషిని నేనింతవరకూ చూడలేదు. ఒళ్లు మండింది నాకు. వయసు వల్ల కాదు, మా అన్నయ్య వల్ల.

గల్లా దగ్గర కుర్చీలో కూర్చున్న అమ్మ కొడుక్కే వంత పాడింది. "ఆ టైంలో ఆడదానికి బుర్ర నిలకడగా ఉండదురా. ఊరికే కోపం, మరుపు. ఇంక ఇంటిపట్టున ఉంటే దానికే మంచిది."

"నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు అన్నయ్య. "రేపటి పెళ్లి అయ్యాక కాదు, ఇవాళ్టి నుంచే. కోల్డ్ రూమ్ తాళంచెవి ఇలా ఇవ్వు. ఎవర్నైనా పనిలో పెట్టుకుంటాను."

పెళ్లయిన కొత్తలో ఒకే ఒక్క బకెట్‌తో తెరిచిన దుకాణం అది; ఆ గది కట్టించినప్పటి నుంచి తాళంచెవి వదిన కొంగునే ఉంది. ఆవిడ మాత్రం ముందు చేతిలో ఉన్న గులాబీకి ముల్లు తీసేసి బకెట్‌లో పెట్టింది.

"మొన్న డాక్టరమ్మని కలిశాను అత్తయ్యా" అంది. "ఇది జబ్బు కాదంది. ఒక్కొక్కళ్లకి ఒక్కోలా ఉంటుందట, కొందరికి వచ్చినట్టే తెలీదట. మరీ ఇబ్బందైతే మందులున్నాయట. ఆగేది నెలసరి. బుర్ర ఆగిపోతుందని ఆవిడ చెప్పలేదు."

తర్వాత అన్నయ్య వైపు తిరిగింది. "నా వేడి వస్తుంది, పోతుంది. పోగానే ఈ గదిలో వణుకు పుట్టాలి. నిన్నటి నుంచి వణుకు లేదు, శాలువా అవసరమే పడలేదు. ఎండలోంచి వచ్చి ఒక్కసారి తల లోపల పెడితే ఎవరికైనా చల్లగానే ఉంటుంది. మీరు లోపలికెళ్లి కాసేపు కూర్చోండి. చలేసి బయటికొస్తే తాళంచెవి మీ చేతిలో పెడతాను."

"ఓస్, అంతేనా?" అని అన్నయ్య స్టూలు పట్టుకుని రాజులా లోపలికెళ్లాడు. పైగా నా స్వెట్టర్ అడిగి మరీ తీసుకున్నాడు.

తలుపు మూసుకుంది. వదిన రిబ్బను చుట్ట విప్పుతూ కూర్చుంది. నేను తలుపుకి చెవి ఆనించాను. ఫ్యాను గిర్రుమంటోంది. కాసేపటికి దగ్గు వినిపించింది. ఇంకాసేపటికి స్టూలు జరిగిన చప్పుడు. మనిషి మాత్రం రాడు. పౌరుషం అలాంటిది.

చివరికి తలుపు తెరుచుకుంది. స్వెట్టర్ చంకలో ఉంది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అన్నయ్య ముఖం కందిపోయి, మెడ వెనక చెమట ధారగా కారుతోంది.

వదిన తలెత్తి ఎగాదిగా చూసింది.

"ఏమండీ, మీకూ ఆగిపోయాయా?"

నేను నేల మీద కూలబడి నవ్వాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. అన్నయ్య ఒక్క క్షణం మింగలేక కక్కలేక నిలబడి, తర్వాత తనూ నవ్వేశాడు. నవ్వుతూనే వెళ్లి మీటరు మీద వేలితో కొట్టాడు. ముల్లు కదల్లేదు. ఎప్పుడు ఇరుక్కుపోయిందో ఏమో, గది ఎంత వేడెక్కినా అది అక్కడే ఉండేది.

"మెకానిక్‌కి ఫోన్ చేస్తాను" అన్నాడు. గొంతు తగ్గించి, "తాళంచెవి నీ దగ్గరే ఉండనీ" అన్నాడు.

"ఉండక ఎక్కడికి పోతుంది?" అని వదిన అప్పటికే లేచింది. "వ్యాను ఏసీ వెయ్యి" అని నాకు చెప్పింది. "మంచి గులాబీలన్నీ అందులోకి ఎక్కించేద్దాం. మెకానిక్ వచ్చేదాకా అదే మన కోల్డ్ రూమ్." ఆవిడ మెడ మీద అప్పుడే ఆవిరి లేస్తోంది. ముఖం తుడుచుకుని రెండు చేతులా రెండు బకెట్లు ఎత్తింది. ఎంత ముద్దొచ్చిందో నాకు వదిన.

పూలు వ్యానులోకి ఎక్కించి మేం తిరిగొచ్చేసరికి అమ్మ ఇంకా కుర్చీలోనే ఉంది. నవ్వు పోయింది.

"నాకు ఆగిపోయినప్పుడు మీ నాన్న నా కుట్టుమిషను అమ్మేశారు" అంది. "కళ్లు తిరిగి సూది వేళ్లలో దింపుకుంటానని. నేనూ నిజమే అనుకున్నాను. నాకు కళ్లు ఒక్కసారి కూడా తిరగలేదే."

వదిన తన కత్తెర తీసుకెళ్లి అమ్మ ఒళ్లో పెట్టింది, పక్కన తెల్ల రిబ్బను చుట్ట పెట్టింది.

"రేపటికి ఇదంతా కత్తిరించాలి అత్తయ్యా. నాకు వంకర పోతుంది."

అది పచ్చి అబద్ధం. అమ్మకీ తెలుసు. రిబ్బను వేళ్ల మధ్య సాపు చేసి, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, గీత గీసినంత తిన్నగా కోసింది.