రెండో మైలు

నల్లగొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో రిక్షా తొక్కుకునే మట్టయ్యకు ఆ ఏడాది కొత్తగా భక్తి కుదిరింది. ఎల్బీ నగర్ చౌరస్తా పక్కన రేకుల షెడ్డులో నడిచే చర్చికి అందరికంటే ముందు వెళ్లి చాపలు పరిచేవాడు. బాప్తిస్మమిచ్చిన రోజున పాస్టరు జీవరత్నంగారు, "మట్టయ్యకీ మత్తయికీ ఎంతో దూరం లేదు, ఇకనుంచి నువ్వు మత్తయివి" అన్నారు. భార్య లచ్చమ్మ మాత్రం, "మత్తయి కాదు, మత్తెక్కింది" అని కొట్టిపారేసింది.

ఒక ఆదివారం పాస్టరుగారు శిష్యుడంటే ఎవరో చెప్పారు. ఎవరైనా ఒక మైలు రమ్మంటే వాళ్లతో రెండు మైళ్లు వెళ్లేవాడట. మట్టయ్యకు ఒళ్లు పులకరించింది. ఉపవాసాలు తనవల్ల కావు గానీ తొక్కడం తన పనే కదా! ప్రభువు ఈ మాట రిక్షావాళ్ల కోసమే చెప్పి ఉంటాడు. బయటికి రాగానే పాన్‌డబ్బా నడిపేవాణ్ని పట్టుకుని అడిగాడు.

"అన్నా, మైలంటే ఎంత దూరముంటదే?"

"దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా అనుకోరాదు."

మర్నాడు పొద్దున్నే అచ్చంగా కొత్తపేటకే బేరం తగిలింది. తెనాలి నుంచి వచ్చి అక్కడి కొత్త కాలనీలో కాపురం పెట్టిన కౌసల్యమ్మ, కొత్తగా కొన్న రుబ్బురోలును కాళ్ల దగ్గర పెట్టించుకుని ఎక్కి కూర్చుంది. కొత్తపేట వచ్చింది. మట్టయ్య ఆపలేదు.

"ఇదేనయ్యా మా సందు! ఆపు!"

"ఇంగో మైలు నా తరఫున అమ్మా. పైసలియ్యొద్దు."

"పైసలు కాదయ్యా, నాకు ఇల్లు కావాలి!"

ఉచితమంటే మొహమాటపడుతోంది కాబోలు, మంచి మనిషి అనుకుని మట్టయ్య ఇంకా గట్టిగా తొక్కాడు. దూకుదామంటే కౌసల్యమ్మకు రోలు అడ్డం. చేతిలో ఉన్న గొడుగుతో అతని వీపు మీద రెండు వాయించింది. నీతి కోసం దెబ్బలు తినేవాళ్లు ధన్యులని కూడా విన్నాడేమో, అతని ముఖం వెలిగిపోయింది. ఆమె "దొంగ! దొంగ!" అని అరిచేసరికి వెనక రెండు స్కూటర్లు, ఒక కూరగాయల బండి, ఎందుకో తెలియకుండానే నలుగురు మేస్త్రీలు తరుముకొచ్చారు.

ఎల్బీ నగర్ చౌరస్తాలో, చర్చి ముందే, అందరూ కలిసి రిక్షాను నిలబెట్టారు.

"యాడికి తీస్కపోతున్నవ్‌రా ఆయమ్మను?"

"ప్రభువు చెప్పిండన్నా!"

"ఏ ప్రభు? గా సిమెంటు దుకాణం ప్రభునా?"

గొడవ విని షెడ్డులోంచి పాస్టరుగారు పరుగెత్తుకొచ్చారు. సంగతంతా విని తల పట్టుకున్నారు.

"ఒరే నాయనా, రెండో మైలైనా వాళ్లు వెళ్లాల్సిన వైపుకే వెళ్లాలి కదరా!"

"గా ముక్క నిన్న చెప్పకపోతిరి?" అన్నాడు మట్టయ్య. గొడుగు దెబ్బలకు రాని నీళ్లు ఇప్పుడు అతని కళ్లలో తిరిగాయి.

పాస్టరుగారు పంచె ఎగ్గట్టి, "పదరా, నేనూ వస్తా" అని రిక్షాను వెనకనుంచి తొయ్యడం మొదలుపెట్టారు. తిరిగి కొత్తపేట చేరేదాకా దారి పొడవునా కౌసల్యమ్మ మతాలన్నిటినీ కలిపి తిడుతూనే ఉంది. కాలనీ సందులో మురుగు మోరీ కోసం తవ్విన గోతులుండడంతో రిక్షా అక్కడే ఆగిపోయింది. రోలును ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని, పిట్టగోడలేని మెట్లమీదుగా రెండో అంతస్తుకు చేర్చారు. సగంలో పాస్టరుగారు ప్రభువుని పిలిచారు, భక్తితో కాదు. రోలును వంటింటి మూలలో దించాక మట్టయ్య ఖాళీ బిందెలు చూసి, ఎవరూ అడక్కుండానే బోరింగు దగ్గరికి పోయి నీళ్లు మోసుకొచ్చాడు.

బిందెలు నిండేసరికి కౌసల్యమ్మ తిట్లు అయిపోయాయి. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది.

"పాస్టరుగారూ, వచ్చే వారం ఏం చెబుతున్నారు?"

"అంగీ అడిగినవాడికి పైవస్త్రం కూడా ఇచ్చెయ్యమని చెబుదామనుకుంటున్నానమ్మా."

ఆమె మట్టయ్య ఒంటిమీదున్న ఒక్క చొక్కావైపు, లుంగీవైపు చూసింది.

"వద్దు బాబూ," అంది గాభరాగా. "ఇది ఆడవాళ్లు తిరిగే కాలనీ."