వదులు జడ

తడి జుట్టు వాసన.

దారంతా అదే వాసన — మెడ మీద, యూనిఫాం కాలరు మీద, ఊపిరి తీసినప్పుడల్లా.

వాన వెలిసింది. చెట్ల కింద మాత్రం ఇంకా చినుకులు రాలుతున్నాయి. పదకొండేళ్ల పిల్ల బస్టాపు గోడకు ఆనుకుని జడ విప్పుతోంది. అల్లుతోంది. మళ్లీ విప్పుతోంది…

ఒక్కసారైనా అమ్మ వేసినట్టు కుదిరితే ఒట్టు.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. పొద్దున ఆరున్నర బస్సు తప్పిందా, పెద్ద సిస్టరు చేత చీవాట్లే. అందుకే జడకు అయిదు నిమిషాలు. పిల్ల వీపుకు మోకాలు ఆనించి, మాటా పలుకూ లేకుండా లాగి బిగిస్తుంది. కళ్లు పైకి లాక్కుపోతాయి. 'అబ్బా' అంటే —

"కదలకు."

రోజూ అదొక్కటే మాట. అమ్మకు తనంటే విసుగని పిల్ల ఏనాడో తీర్మానించేసుకుంది.

ఈరోజు బడి నుంచి వస్తూ తడిసి ముద్దయితే, పక్క బెంచీ పిల్ల చెయ్యి పట్టుకుని వాళ్లింటికి లాక్కుపోయింది. వాళ్లమ్మ ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకుని తలలు తుడిచింది. తీరిగ్గా చిక్కు తీసి జడ వేసింది. "ఎంత ఒత్తు జుట్టు తల్లీ నీది!" అని మురిసిపోయింది.

ఆ వేళ్లకు తొందర లేదు.

పిల్లకు కళ్లు మూతలు పడ్డాయి. ఈవిడే మా అమ్మయితే… అనుకుంది.

అనుకున్నాక చటుక్కున కళ్లు తెరిచింది.

గుమ్మం దాకా సాగనంపుతూ పక్క బెంచీ పిల్ల గొణిగింది. "మా అమ్మ జడ మూడో పీరియడ్‌కే ఊడిపోతుందే. మీ అమ్మ వేసింది పరుగు పందెంలో కూడా చెక్కుచెదరదు. నేను రోజూ నీ జడే చూస్తుంటా, తెలుసా?"

తెలీదు.

సాయంత్రం దాకా అమ్మ ఉండదు. జడ ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ సంగతి తట్టనే లేదు.

ఇప్పుడు బస్టాపులో మళ్లీ అల్లుతోంది. ఎంత బిగించినా వదులే. అమ్మ చూస్తే ఇట్టే పసిగడుతుంది — జడనే కాదు, తను అనుకున్న మాటను కూడా. బస్సు రానే వచ్చింది.

ఇంట్లో అమ్మ అప్పటికే వచ్చి ఉంది. ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉంది. జడ చూసింది.

"ఎవరేశారు?"

పిల్ల అటు తిరిగి నేల మీద కూర్చుంది.

అమ్మ వెనకాల కూర్చుంది. మోకాలు ఆనించలేదు. జడ విప్పింది. ఒక్కో పాయా విడదీసింది. ఎక్కవలసిన బస్సేదీ లేదు.

వేళ్లు ఆగిపోయాయి.

"నేను మరీ బిగిస్తున్నానా?"

అవునంటే అమ్మ చిన్నబోతుంది. కాదంటే అబద్ధం. పైగా — ఆ బిగువు కూడా కావాలి. రెండూ కావాలని ఎలా చెప్పాలి?

అమ్మ ఎదురుచూస్తోంది.

కదలకు అని ఎవరూ అనలేదు. అయినా పిల్ల కదల్లేదు.

చూరు నుంచి ఒక చినుకు… ఇంకో చినుకు. అమ్మ చేతుల్లో మందుల వాసన. అందులో కలుస్తూ, తడి జుట్టు వాసన.