కుంపట్లో రెండు స్టీలు ముక్కలు

రస్కును చాయ్‌లో ముంచి నోట్లో పెట్టుకున్న జన్నత్ బీ నమలడం ఆపేసింది. "డీజిల్ కొడ్తాంది," అంది.

ఎదురుగా కూర్చున్న కొడుకు అమ్జద్ ఆ మాట వినపడనట్టు ఫోను చూసుకున్నాడు. తమ బేకరీ రస్కును తమ ఇంట్లోనే అట్లా అంటే ఎవరికి మాత్రం వినపడుతుంది? పాలు దించుతున్న కోడలు సబియా తానూ ఒక రస్కు విరిచి వాసన చూసింది. నిజమే. అంటే ఓవెన్ లోపలి నిప్పుపెట్టెకు మళ్ళీ చిల్లు పడిందన్న మాట. మంట ఆ స్టీలు పెట్టెలోనే ఉండాలి, దాని వేడి మాత్రమే రస్కులకు తగలాలి. పెట్టెకు చిల్లు పడితే వేడితో పాటు పొగా వస్తుంది, పొగతో పాటు డీజిల్ కంపూ వస్తుంది. పోయిన రంజానుకు ముందు కొత్తగా వేయించిన పెట్టె, నిండా ఏడాది కాలేదు. ఇంకో మూడు వారాల్లో మళ్ళీ రంజాన్. తెల్లవారుజామున సహరీకి, పొద్దుగూకాక ఇఫ్తారుకు చుట్టుపక్కల గల్లీలన్నింటికీ వీళ్ళ బన్నులే, వీళ్ళ రస్కులే. ఆ నెలలో ఓవెన్ ఆగితే ఏడాదంతా ఆగినట్టే.

"ఓవెన్ల ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసిన," అన్నాడు అమ్జద్ ఎవరికీ కాకుండా. "పొద్దుగాల వస్తడు. కొత్త పెట్టె చేసిస్తనన్నడు. సబియా, చాయ్‌కు జర మంచి పాలు ఉంచు."

ఈ వ్యవహారంలో సబియా వాటా అంతే. మంచి పాలు.

సబియాకు ముప్పై తొమ్మిదేళ్ళు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసింది. క్లాసులో నలభై మంది మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. లోహాల పేపర్లో ఆమెకు ఫస్టు మార్కు వచ్చింది. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి విని ఈ ఇంటివాళ్ళు తెగ సంతోషించారు, "పిల్లల హోంవర్కుకు ట్యూషన్ అక్కర లేదు" అని. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆ డిప్లొమా పెద్ద పెట్టెలో పెళ్ళిచీర కింద పడుకుంది. సబియా మాత్రం పడుకున్న పాపాన పోలేదు. పొద్దున్నే ఇంటిపని, పదింటికి వాట్సాప్‌లో ఆర్డర్లు రాసుకోవడం, మధ్యాహ్నం నాలుగు వందల రస్కు ప్యాకెట్లు కట్టడం, సాయంత్రం బేకరీ పనివాళ్ళ ఏప్రన్లు ఉతకడం. ఎవరైనా అడిగితే అమ్జద్ చెప్పే మాట, "మా ఇంట్లామె ఖాళీనే, ఇంట్లనే ఉంటది." చెడ్డవాడు కాదు అమ్జద్. చేయి ఎత్తడు, గొంతు ఎత్తడు. ఆమె నోరు తెరిస్తే మాత్రం రోడ్డు దాటించేటప్పుడు పిల్లల్ని ఆపినట్టు అరచేయి అడ్డం పెట్టి, "జర ఆగు" అంటాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

పోయినసారి పెట్టె చేయించేటప్పుడు ఆమె ఆగలేదు. "ఏ గ్రేడు స్టీలు?" అని అడిగింది. అమ్జద్ నవ్వాడు. "గ్రేడ్లు, మార్కులు కాలేజీల ఉంటయి. ఇక్కడ ఉండేది ఇనుం." ఓవెన్లు కట్టే ఓంప్రకాశ్ కూడా నవ్వి, "చాయ్ మస్తుంది భాభీ," అన్నాడు. ఆ రాత్రి ఆమెకు కోపం రాలేదు. సిగ్గు వచ్చింది. తప్పు మాట్లాడినందుకు రావాల్సిన సిగ్గు, ఒప్పు మాట్లాడినందుకు వచ్చింది. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు కోపం వస్తోంది.

మర్నాడు ఓంప్రకాశ్ వచ్చాడు. మూరెడు స్టీలు ముక్క బల్ల మీద పెట్టి, జేబులోంచి అయస్కాంతం తీసి గారడీవాడిలా దాని మీద వదిలాడు. అయస్కాంతం జర్రున జారి కింద పడింది.

"చూసినవా అమ్జద్ భాయ్? అంటలే. అసలు స్టీలు. పోయినసారిదే, నికార్సయిన మాలు. బర్నర్ మంట ఎక్కువైతాంది గని, స్టీలుకేం రోగం లేదు. ఆదివారం కటింగ్ మొదలుపెడ్త."

వరంగల్ అంతా అంతే. గిన్నెలు కొన్నా, గేట్లు కొన్నా, అయస్కాంతం అంటకపోతే కళ్ళకద్దుకుంటారు. చాయ్ కప్పులు తీస్తున్న సబియాకు పోయినేడు తీసి వాకిట్లో పడేసిన పాత నిప్పుపెట్టె గుర్తుకొచ్చింది. అదీ ఇలా అయస్కాంతం అంటని స్టీలే, అయినా వేలితో గీరితే పొరలు పొరలుగా ఊడివచ్చిన పెట్టె. నికెల్ పొదుపు చేసి మాంగనీసుతో నింపిన చవక స్టీలుకు కూడా అయస్కాంతం అంటదని ఈ ఇద్దరికీ చెప్పాలి. చెబితే ఏమవుతుందో తెలుసు. అరచేయి లేస్తుంది. ఆమె ఒక్క క్షణం ఆగి, తలకొంగు సర్దుకుని, మెత్తగా అంది:

"ఆ ముక్క ఇచ్చిపోతరా అన్నా? పెనం కింద పెట్టుకుంట."

"తీస్కో భాభీ!" అన్నాడు ఓంప్రకాశ్ దానకర్ణుడిలా. ఆడది వంటింటికని అడిగితే కాదనే మగవాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

మధ్యాహ్నం ప్యాకెట్ల పని కాగానే సబియా ఓంప్రకాశ్ ముక్కను సంచీలో వేసుకుని, ఆటో ఎక్కి ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళింది. ఆనాటి ఇద్దరు ఆడపిల్లల్లో రెండో ఆమె తేజస్వి అక్కడ ల్యాబులో పని చేస్తోంది. పద్దెనిమిదేళ్ళ తర్వాత కలిసిన స్నేహితురాలు కష్టసుఖాలు అడగకుండా, "త్రీ టెన్ ముక్క ఉన్నదా?" అని అడిగితే తేజస్వి ముందు తెల్లబోయింది, తర్వాత పడీపడీ నవ్వింది. ఓ విద్యార్థి ప్రయోగం చేయగా మిగిలిన ముక్క వెతికి తీసి, రెండు ముక్కల్నీ ఒకే కొలతకు కోయించి ఇచ్చింది. త్రీ టెన్ అంటే నిప్పుకు తట్టుకునే స్టీలు, ఇరవై ఐదు పాళ్ళు క్రోమియం, ఇరవై పాళ్ళు నికెల్. సంచీలో ఆ ముక్క బరువు తగులుతుంటే ఆటోలో సబియా తనలో తాను నవ్వుకుంటూ కూర్చుంది. డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

ఇంటికి రాగానే ఫ్రిజ్ మీది పూల బొమ్మ అయస్కాంతం తీసి రెండింటికీ పెట్టి చూసింది. దేనికీ అంటలేదు. గుర్తుకు ఓంప్రకాశ్ ముక్కకు ఒక తీగ, తేజస్వి ముక్కకు రెండు తీగలు చుట్టి, పెరట్లో కుంపటి రాజేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టింది. బొగ్గులు భగ్గుమన్నాయి. ముక్కలు ఎర్రగా మారుతుండగా వెనక అలికిడైంది. జన్నత్ బీ.

"ఏం కాల్స్తానవ్?"

దాచడానికి ఏమీ తోచలేదు. సబియా ఉన్నదున్నట్టు చెప్పింది. స్టీలును వేడి ఒక్కటే చంపదు అత్తమ్మా, వేడెక్కుడు చల్లారుడు చంపుతది. కాలినప్పుడు దాని మీద ఒక పొర కట్టి లోపలి ఇనుమును కాపాడుతది. చల్లారినప్పుడు నాసిరకంది ఆ పొరను నిలుపుకోలేదు, రాల్చేస్తది. మళ్ళ లోపలిది కాలుతది. మన ఓవెన్ రోజూ ముట్టిచ్చుడే, ఆర్పుడే. అందుకే వీటిని గూడ కాల్చాలె, చల్లార్చాలె, మళ్ళ కాల్చాలె. పుస్తకంల ఇట్లనే ఉన్నది.

ముసలామె వంగి కుంపట్లోకి చూసింది. సబియా తిట్లకు సిద్ధపడింది. వాళ్ళబ్బాయి మాట మీద అనుమానంతో పెట్టిన మంట కదా ఇది.

"రోజుకు ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లయితే అన్ని. నాకు పనిల యాదికుంటదో లేదో."

"నాకుంటది," అంది జన్నత్ బీ. "వజూకు కాళ్ళు చేతులు కడుక్కోను పోయేముందు నిప్పుల పెడ్త. నమాజు అయి, తస్బీహ్ పూసలు తిప్పినంక తీస్త. రోజుకు ఐదుసార్లు. ఒక్క పూట తప్పదు."

పీట జరుపుకుని కూర్చుంటూ ఇంకో మాట అంది. "నేను ఈ ఇంటికొచ్చి నలభై ఆరేండ్లాయె. మీ మామకు ఇటుకలతోటి కట్టిన రొట్టెల బట్టీ ఉండె. రొట్టె కాలిందా లేదా అని నన్నే అడుగుతుండె. బట్టీ సంగతి మాత్రం ఒక్కనాడు అడగలే. దాని ఎడమ దిక్కు గోడ సల్లగ ఉండేదని నాకెర్కనే."

సబియా ఆ ముఖంలోకి కొత్తగా చూసింది. పద్దెనిమిదేళ్ళుగా ఈమె రుచి చూసి ఉప్పు తక్కువ అంటే వేసింది, ఎక్కువ అంటే మాట పడింది. ఈమెకు ఒక బట్టీ తెలుసని, అడిగినవాళ్ళు లేక ఆ తెలివి ఈమెలోనే ఉండిపోయిందని ఏనాడూ అనుకోలేదు. అడగనివాళ్ళలో తానూ ఉంది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో అజాన్‌కు ముందు బొగ్గులు కణకణలాడాయి. తెల్లవారుజాము ఫజర్ చలిలో ఇద్దరూ ఒకే శాలువా కప్పుకుని కుంపటి ముందు కూర్చునేవాళ్ళు. ఎర్రటి ముక్కల్ని పట్టకారుతో తీసి ఇటుక మీద పెట్టడం జన్నత్ బీ పని. దగ్గరికి ఎవరినీ రానివ్వదు. "ఏంది, ఇల్లంత బొగ్గుల వాసన?" అని అమ్జద్ అడిగితే, "సలి బిడ్డా, ఎముకలు గుంజుతానయ్," అని మూలిగి, అతను అటు తిరగగానే కోడలికి కన్ను కొట్టింది. సబియా కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు కలిసి నవ్వడం చూసి అమ్జద్‌కు చాయ్ కూడా సయించలేదు.

మొదటి రోజు మాత్రం సబియాకు అనుమానం పట్టుకుంది. సాయంత్రానికి రెండు ముక్కలూ ఒకేలా నల్లబడి ఉన్నాయి. తాను పొరబడితే? ఆ పుస్తకం చదివి పద్దెనిమిదేళ్ళాయె. పొరబడితే ఈ ఇంట్లో తాను ఇక ఎన్నటికీ నోరు తెరవదు, ఎవరూ మూయించక్కర లేదు, తానే మూసుకుంటుంది. రెండో రోజు మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత ఇటుక మీద చల్లారుతున్న ఓంప్రకాశ్ ముక్క, ఒక తీగ చుట్టింది, టిక్, టిక్ మంది. జన్నత్ బీ వంగి చూసి, "సబియా! రాలుతాంది!" అని కేక పెట్టింది. పిండి చేతులతోనే ఉరికి వచ్చింది సబియా. ఇటుక మీద నల్లటి పెచ్చులు. ఇద్దరూ చిన్నపిల్లల్లా చేతులు పట్టుకున్నారు.

ఆదివారం ఓంప్రకాశ్ వచ్చి కూర్చోగానే, జన్నత్ బీ రస్కుల ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద గుడ్డ తీస్తే రస్కులు లేవు. రెండు ముక్కలు ఉన్నాయి. ఒకటి నల్లగా, గట్టిగా, అంచులు చెక్కు చెదరకుండా ఉంది. ఇంకోటి వంకరపోయి, పొరలు లేచి, ముట్టుకుంటే రాలుతోంది.

"ఇదేంది?" అన్నాడు అమ్జద్.

"మీరిచ్చిన ముక్కే అన్నా," అంది సబియా గుమ్మం దగ్గర నుంచి. "ఇరవై అయిదుసార్లు కాల్చినం, ఇరవై అయిదుసార్లు చల్లార్చినం. కాల్చకముందు, కాల్చినంక ఈస్టు పొడి తూచే కాటా మీద పెట్టి చూసిన. పదో వంతు తరిగింది. ఆ రెండోది త్రీ టెన్. వెంట్రుకంత గూడ తరగలే."

"జర ఆగు..." అని అమ్జద్ అరచేయి ఎత్తబోయాడు.

"నువ్వాగు," అంది జన్నత్ బీ.

ఓంప్రకాశ్ చేయి అలవాటుగా జేబులోని అయస్కాంతం కోసం వెళ్ళింది. "దానికి రెండూ ఒకటే అన్నా," అంది సబియా. "నిప్పుకు కాదు." అతను చేయి వెనక్కి తీసుకుని పాడైన ముక్కను బొటనవేలితో గీరాడు. వేలి కింద పొర లేచింది. అతని ముఖం వాడిపోయింది. "షీట్లమ్మెటోడు నా ముందట గూడ ఇట్లనే అయస్కాంతం పెట్టి అమ్మిండు భాభీ," అన్నాడు చిన్నగా. ఆ మాటకు సబియాకు అతని మీద ఉన్న కోపం సగం పోయింది.

అతను నోటుబుక్కు తీశాడు. "అమ్జద్ భాయ్, మందం ఎంత పెడ్దాం?"

"మూడు ఎం.ఎం.," అంది సబియా.

"వెల్డింగ్ రాడ్డు, భాయ్?"

"అదే జాతిది. వేరేది పెడ్తే అతుకు కాడ పలుగుతది."

"మరి బిగింపు..." ఈసారి ఓంప్రకాశ్ అమ్జద్ వైపు చూడలేదు. కుర్చీ చర్రున జరిపి సబియా వైపు తిరిగాడు. ఆ చప్పుడు ఆమెకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేం. గుమ్మం వదిలి వచ్చి, బయటివాళ్ళ ముందు ఏనాడూ కూర్చోని ఆ బల్ల దగ్గర కూర్చుంది.

"నాలుగు దిక్కుల బిగగొట్టకుండ్రి. వేడికి సాగుతది, ఒక దిక్కు సందు ఇడవాలె. షీటుతోటి ఫ్యాక్టరీ సర్టిఫికెట్ తేవాలె. దాని మీది నంబరూ, షీటు మీది నంబరూ ఒక్కటే ఉండాలె. నేను చూసినంకనే కటింగ్."

"ధర రెండింతలైతది," అన్నాడు అమ్జద్ నీరసంగా. "అయితే కానియ్యి, ఏడాదికోసారి కొనుడు తప్పుతది," అంది తల్లి. అమ్జద్ రాలిన పెచ్చును వేళ్ళ మధ్య నలిపి చూశాడు. నల్లటి పొడి అయింది. భార్య వైపు, చాలా ఏళ్ళ క్రితం పెళ్ళిచూపుల్లో చూసినట్టు కాస్త బెదురుగా చూశాడు. "నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్పబోయిన. పోయిన రంజాన్ ముందట."

అతనికి గుర్తొచ్చింది. తల వంచుకున్నాడు.

రాసుకోవడం అయ్యాక ఓంప్రకాశ్ లేవలేదు. పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "భాభీ, వర్ధన్నపేటల రాజేశ్వర్ రావు సార్ రైస్ మిల్లున్నది. వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ పొయ్యి ఊకతోటి మండుతది. దాని పైపులు రెండు సీజన్లకే రాలిపోతానయ్. దాంట్ల ఏ స్టీలు ఎయ్యాల్నో జర చెప్పరాదుండ్రి? తొందరేం లేదు. అమ్జద్ భాయ్‌కు చెప్పుండ్రి, ఆయన నాకు ఫోన్ల చెప్తడు."

"అట్ల చెప్ప," అంది సబియా.

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"ఊక బూడిద సంగతి వేరే. పొయ్యి చూడకుంట ఎట్ల చెప్త? ఎల్లుండి నేనే వస్త. పాత పైపు ముక్క ఒకటి తీసి పెట్టుమనుండ్రి." పరుల ఇంటి పొయ్యి ఒకటి తన కోసం ఎదురు చూస్తోందన్న ఆలోచనకే ఆమె ఒళ్ళంతా పులకరించింది. ఇంత సంతోషం ఒక ఊక పొయ్యి వల్ల కలుగుతుందని ఎవరితోనైనా అంటే నవ్వుతారు, నవ్వనీ.

అమ్జద్ గొంతు సవరించుకున్నాడు. "ఒక్కదానివే ఎట్ల పోతవ్? నేను తోల్కపోత బండి మీద."

"మీరొస్తే ఇక్కడ పని ఎవరు చూస్తరు?" అంది సబియా. "నేను బస్సుల పోత."