జకాత్ మూట

ఫ్యాక్టరీ వెనక తలుపుకి తాళం ఇంకా అలాగే ఉంది. పొగలో చిక్కుకుని, గుండీలు కుట్టే ఆడవాళ్ళు ఆరుగురు ఆ తలుపును గోళ్ళతో గీకి గీకి చచ్చిపోయి పదకొండు రోజులైంది. ఇవాళ అదే తలుపు ముందు యజమాని బల్లలు వేయించి పిండి మూటలు పేర్పించాడు. ఆయన దయ ఎంత పెద్దదంటే, ఒక ఫోటోగ్రాఫర్‌కి అందదని ఇద్దర్ని పిలిపించాడు.

కాలర్లు కుట్టే ఆమెను ఫ్యాక్టరీ అంతా అక్కా అనే పిలుస్తుంది. పోయినవాళ్ళలో ఒకతె ఆమె సొంత చెల్లెలు. అక్కకి ఏడుపు రావడం లేదు, ఆకలీ తెలియడం లేదు. ముందుకి రమ్మంటే వచ్చి నిలబడింది.

"వచ్చేవారం హజ్‌కి వెళ్తున్నానమ్మా," అన్నాడు యజమాని. "ఎవరి ఉసురూ నాకు తగలకూడదు. ఇది నా జకాత్. తీసుకుని, మాఫ్ చేశానని అందరి ముందూ ఒక్క మాట అనెయ్."

చావుల కేసు వాపసు తీసుకునే కాగితాలతో గుమాస్తా పక్కనే ఉన్నాడు. అక్క మాఫ్ అంటే మిగతా అయిదిళ్ళూ అంటాయి. కేసు పోతుంది, తాళం అలాగే ఉంటుంది, దాని వెనక మూడొందలమంది పనివాళ్ళూ ఉంటారు.

"వాడి మొహాన కొట్టక్కా!" అరిచాడు కటింగ్ మాస్టర్.

"నీకేం, అంటావ్! మా పిల్లలు మట్టి తినాలా?" అంది ఇస్త్రీ ముసలమ్మ. గుంపు రెండుగా చీలింది. యజమానికి కావలసిందీ అదే.

పోయినవాళ్ళ కోసం దువా, ప్రార్థన, చేయడానికి వచ్చిన ఇమాం గొంతు సవరించుకున్నాడు. భయస్తుడు, ఆయన జీతమూ యజమాని ఇచ్చేదే. "తీసుకోమ్మా," అన్నాడు మెల్లగా. "జకాత్ ఈయన దయ కాదు, ఈయన సొమ్ములో పేదల హక్కు. హక్కుకి షరతు పెట్టకూడదు. మాఫీ సంగతి వేరు. తప్పు దిద్దుకోకుండా అది అడగకూడదు."

యజమాని మొహం మాడిపోయింది.

అక్క మూట భుజానికెత్తుకుంది. బరువు కూడా తెలియలేదు. "మా హక్కు, తీసుకున్నా. మాఫ్ చెయ్యను. తాళం తియ్యి," అంది, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా.

"ఎవరు నేర్పారే నీకీ మాట?" అరిచాడు యజమాని.

"నేనే," అంటూ ముసలమ్మ తలుపుకి ఆనుకుని కూలబడింది. కటింగ్ మాస్టర్ కత్తెర పక్కన పెట్టి ఆమె పక్కన చేరాడు. ఆ తర్వాత లోపల నడుస్తున్న మిషన్లన్నీ ఆగిపోయాయి.

యజమాని పిలిపించిన పోలీసులు అక్కతో కలిపి పదిమందిని వ్యాన్‌లో కుక్కారు. ఇక పట్టలేదు. తలుపు ముందు కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు.

"ఈ ఒక్క బండీ ఏం సరిపోతుంది నాయనా," అంది ముసలమ్మ పోలీసుతో, "ఇంకో పాతిక తెప్పించు."