చెవులు పట్టుకున్నవాడు

అప్పయమ్మ సంచిలో ముందుగా రెండు చొక్కాలు పెట్టింది. రెండింటికీ మెడ వెనక కుట్టిన కంపెనీ పేరు ముక్కను బ్లేడుతో తీసేసింది. అది ఒంటికి తగిలితే చిన్నకొడుకు సింహాద్రి చొక్కా విప్పి పారేస్తాడు. ముప్పై దాటినా అంతే. డబ్బాలో మరమరాలు పోసింది. ఉప్పు కూడా కలపలేదు, కలిపితే ముట్టడు.

ఆ రోజు వాణ్ణి దుర్గ్ కోర్టు నుంచి నేరుగా విజయనగరం బండి ఎక్కించాలని పెద్దకొడుకు త్రినాథరావు ఏర్పాటు చేశాడు. నేరం ఒప్పుకుంటే జైల్లో గడిపిన నెలలే శిక్షగా సరిపెట్టి వదిలేస్తారని వకీలు చెప్పాడట. ఆపైన మేనమామ ఇంట్లో ఓ మూల పడుంటాడు, తాముండే క్యాంప్ వన్ బస్తీలో ఎవరి కంటా పడడు.

నేరం రాగి తీగ దొంగతనం. సింహాద్రి ఉక్కు ప్లాంటులో ఠేకా కూలీ, కాంట్రాక్టరు కింద పని. పైవాడు గొంతు పెంచితే, తప్పు ఎవరిదైనా సరే, ఠేకా కూలీ చెవులు పట్టుకుని ‘గల్తీ హో గయీ సాబ్’ అని తప్పు ఒప్పుకోవాలి. లేకపోతే గేట్ పాస్ లాగేసుకుంటారు. ఆ మాట ఎక్కడ అనకూడదో మిగతా కూలీలకు తెలుసు. సింహాద్రికి తెలియదు, నేర్పింది నేర్పినట్టే చేస్తాడు. తీగ పోయిన రోజున పోలీసు గద్దించాడు. వీడు చెవులు పట్టుకుని ఆ మాటే అన్నాడు.

పక్కింటి గౌరీదేవి మనవడికి బడివాళ్ళు పరీక్ష చేయించి ఆటిజం అన్నారు. కళ్ళలోకి చూడడనీ, పెద్ద శబ్దమైతే మంచం కింద దూరతాడనీ గౌరీదేవి చెబుతుంటే అప్పయమ్మకు తన కొడుకు చిన్నతనం కళ్ళకు కట్టింది. వీణ్ణీ డాక్టరుకు చూపిద్దామని త్రినాథరావును బతిమాలింది.

“దొంగంటే నాల్రోజులకి మర్చిపోతారమ్మా. పిచ్చోడంటే మర్చిపోరు. రేపు నా పిల్లల్నీ అదే మాటంటారు.”

“ఆడు దొంగా కాదు, పిచ్చోడూ కాదురా.”

కోర్టులో ముద్దాయి నేరం ఒప్పుకుంటున్నాడని వకీలు చెప్పాడు. జడ్జి ముద్దాయి నోటివెంట వినాలంది. వెనక బల్ల మీంచి అప్పయమ్మ లేచింది. త్రినాథరావు కొంగు పట్టుకుని కూకోమన్నాడు. విడిపించుకుని ముందుకు నడిచింది. జవాను అడ్డొస్తే అక్కడే ఆగి, ఇన్నేళ్ళలో అబ్బిన హిందీలో, ఎన్నడూ లేనంత గట్టిగా అరిచింది.

“సింహాద్రీ, నన్ను చంపేసింది నువ్వేనా?”

వాడు నేల చూస్తూ చెవులు పట్టుకున్నాడు.

“గల్తీ హో గయీ సాబ్.”

ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు.

“వీడు చంపినదాన్ని ఇదిగో నిలబడ్డాను. వీడి ఒప్పుకోలు విలువ ఇంతే. ముందు డాక్టరుకు చూపించండి. అందాకా ఆ మాట రాసుకోడానికి ఒప్పుకోను,” అంది అప్పయమ్మ.

జడ్జి ఒప్పుకోలును పక్కన పెట్టి వైద్యపరీక్షకు ఆదేశించింది. సింహాద్రిని మళ్ళీ జైలు బండి ఎక్కించారు. అది చూడలేక ఆవిడ గోడ పట్టుకుంది గాని, ఏడవలేదు.

బయట త్రినాథరావు అడిగాడు: “ఆడో నేనో తేల్చీమ్మా.”

“తేలిపోయిందిరా.”

డాక్టర్లు ఆటిజం అనే రాశారు. ఆ ఒప్పుకోలు తప్ప పోలీసుల దగ్గర ఇంకేమీ లేకపోవడంతో కేసు నిలవలేదు. తరవాతి ఏడు మార్చిలో సింహాద్రి ఇంటికి వచ్చాడు. అదే ఊళ్ళో, రుఆబాంధాలో వేరుగా ఉండే త్రినాథరావు మాత్రం రాలేదు. 2024 నవంబరు ఇరవై రెండున కోర్టు మెట్లు దిగి వెళ్ళినవాడు, మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.