మంచంకోడు కింది చెక్క

బర్నబా నేల మీద మోకాళ్లూని మంచంకోడు కింది చెక్కను గుంజుతున్నాడు. మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటున్న సౌభాగ్యమ్మ లేవలేదు సరికదా, ఇంకాస్త బరువుగా కూర్చుంది.

“జెర లేవరాదు.”

“ఎందుకు లేవాలె? తొమ్మిదేండ్ల సంది ఆడనే ఉన్నది. అది తీస్తె మంచం ఊగుతది. నేను పడి నడుము ఇరగ్గొట్టుకుంటె నీ రైలోళ్లు వస్తరా లేపనీకి?”

“ఒక్క దినం గదనే. పొద్దూకేవరకు తెచ్చి పెడ్త.”

“నీ పొద్దూకుడు నాకెరుకలేదా,” అంటూనే లేచింది. చెక్క ఊడి వచ్చింది. మంచం ఒక మూలకు వాలి ‘టక్’మంది.

జానెడు పొడవున్న తుమ్మచెక్క అది. ఒక కొస నాలుగు వేళ్ల మందం, రెండో కొస కత్తి వాదరంత సన్నం. తొమ్మిదేళ్లు కోడు ఒత్తి ఒత్తి నడుమ రూపాయి బిళ్లంత గుంట పడింది. బర్నబా దాన్ని తువ్వాలతో తుడిచి, గోనెసంచిలో ఉన్న అయిదు చెక్కలతో కలిపి సైకిలు క్యారియరుకు కట్టుకున్నాడు. సైడింగు పట్టా మీద నిలిచే ఆరు గూడ్సు డబ్బాల చక్రాలకు ఆరు అడ్డచెక్కలు ఉండాలి. మొన్న తను అన్నం తినే వేళ హమాలీలు ఒకదాన్ని పొయ్యిలో పెట్టి చాయ్ కాచుకున్నారు. కొత్తది చెక్కడం గంట పని. కానీ పచ్చి తుమ్మ చక్రం కింద మెత్తగా నలిగిపోతుంది. నాలుగు నెలలు నీడన ఆరితేనే పనికొస్తుంది. డబ్బాలు అన్నాళ్లు ఆగవు.

సైకిలెక్కేముందు సౌభాగ్యమ్మ వాకిట్లోకి వచ్చింది. చెక్కల సంచి వైపు చూసింది. మంచం కిందికి పోయిన చెక్క ఎట్లా పుట్టిందో ఆమెకు తెలుసు. ఆమెకొక్కదానికే తెలుసు.

శంకర్‌పల్లి వైపు పోయే పెద్ద లైను నుంచి చీలి వచ్చిన ఒంటి పట్టా పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక ఉన్న ఎరువుల గోదాము దగ్గర ఆగిపోతుంది. గోదాము మిట్ట మీద ఉంది. పట్టా అక్కడి నుంచి పల్లానికి జారుతూ, ఫ్యాక్టరీల నుంచి హైవేకు పోయే రోడ్డును అడ్డంగా కోసి, పెద్ద లైనులో కలుస్తుంది. రోడ్డు దగ్గర గేటు లేదు. తుప్పు పట్టిన బోర్డొకటి ఉంది. డబ్బాలు కదిలినప్పుడు అక్కడ ఎర్రజెండా పట్టుకుని నిలబడేది బర్నబాయే. నిలిచినప్పుడు చక్రాలకు చెక్కలు పెట్టేదీ, కింది డబ్బా చక్రాన్ని పట్టాకు గొలుసుతో కట్టి తాళం వేసేదీ అతడే. ఇరవై ఏళ్లలో కాంట్రాక్టర్లు నలుగురు మారారు. ప్రతి కొత్త కాంట్రాక్టరూ గోదామునూ, తక్కెడనూ, బర్నబానూ ఒకే విధంగా ఒప్పజెప్పించుకున్నాడు. కాగితాల్లో అతని పేరుకు ఎదురుగా ‘హెల్పర్’ అని ఉండేది.

యాభైనాలుగేళ్లు. సన్నటి మనిషి. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. సొంత పైసలతో కుట్టించుకున్న ఖాకీ అంగీ, భుజాన ఎర్రగళ్ల తువ్వాల. లోకంలో ఉన్న వస్తువులను అతడు రెండు రకాలుగా చూసేవాడు: దొర్లేవి, దొర్లనివి. ఎవరి ఆటో అయినా వాలులో ఆగితే వెనక చక్రానికి ఇటుక పెట్టాకే ముందుకు నడిచేవాడు. గుడిలో ఆరాధన జరుగుతుంటే చివరి బెంచీ ఊగుతోందని పాట మధ్యలో వంగి చిన్న చెక్కముక్క దోపాడు. పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక ఒక చరణం వదిలేశారు. ఆనాటి నుంచి అతడు చెక్కల బర్నబా.

“వచ్చిండు రా చెక్కల దొర,” అన్నాడు హమాలీ మేస్త్రి ఎల్లయ్య, గోదాము నీడలో బీడీ కాలుస్తూ. “అన్నా, మొన్న నీ చెక్క తోటి చాయ్ మస్తుగయ్యింది. ఇంకోటి ఇయ్యరాదు!”

“నీ ఇంటి దర్వాజ పీకి కాసుకో, ఇంక మస్తుగైతది.”

హమాలీలు నవ్వారు. ఎల్లయ్య కూడా నవ్వాడు.

“ఇగ ఆరోదానికి ఏం పెడ్తవు? గిట్ల రాయి పెట్టు. ఎవడు సూస్తడు?”

బర్నబా సంచిలోంచి మంచం చెక్క తీసి అందరికీ కనిపించేటట్టు పట్టా పక్కన పెట్టి, చక్రాల దగ్గరికి వెళ్లిపోయాడు.

తొమ్మిదేళ్ల కింద, ఇట్లాంటి ఎండాకాలమే. ఒక చెక్క పగిలిపోయిందని అతడు రాయి పెట్టాడు. చేతికందిన కంకర రాయి, గుండ్రటిది. అన్నం తిందామని పోయాడు. గాలిదుమారం లేచింది. ఖాళీ డబ్బాలు మూడు కదిలి, రాయిని పక్కకు తన్ని, రోడ్డు దాటాయి. ఫ్యాక్టరీలకు టిఫిన్లు మోసే కొమురయ్య సైకిలు మీద అప్పుడే పట్టా ఎక్కాడు. తర్వాత ముగ్గురు ఆఫీసర్లు వచ్చి కుర్చీలేసుకుని కూర్చున్నారు. “గాలి ఎట్లా వచ్చింది?” అని అడిగారు. బర్నబా చేతులు కట్టుకుని గాలి సంగతి చెప్పాడు. వాళ్లు గాలి అని రాసుకుని పోయారు. రాయి గురించి ఎవరూ అడగలేదు, అతడు చెప్పలేదు. కొమురయ్య ఇంటికి పోయి చెబుదామని బయలుదేరాడు. కొమురయ్య పెండ్లాం మల్లమ్మ అతణ్ని కూర్చోబెట్టి చెంబెడు నీళ్లిచ్చింది. అవి తాగి తిరిగి వచ్చాడు.

ఆ వారమే తుమ్మ మొద్దు తెచ్చి మొదటి చెక్క చెక్కాడు. దాన్ని సైడింగుకు తీసుకుపోవడానికి చెయ్యి రాలేదు. మంచంకోడు కింద పెట్టాడు.

ఆరోజు దిగవలసినవి యూరియా బస్తాలు. ఇరవైమంది హమాలీలు పొద్దుటి నుంచి మోస్తూనే ఉన్నారు. గోదాముకు తలుపులు మూడే కాబట్టి ముందు మూడు డబ్బాలు దించి, ఆరింటినీ ట్రాక్టరుతో పల్లానికి లాగి, మిగిలిన మూడూ దించాలి. డబ్బాలు కదిలిన ప్రతిసారీ బర్నబా గొలుసు విప్పాలి, చెక్కలు ఊడదీయాలి, నిలిచాక మళ్లీ పెట్టాలి. చిరిగిన బస్తాల నుంచి కారిన యూరియా పట్టా మీద తెల్లటి పొడిలా పరుచుకుంది. మధ్యాహ్నానికి గాలి ఆడడం మానేసింది. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే వాగు నుంచి వచ్చే మందుల వాసన కదలకుండా అక్కడే నిలబడింది.

నాలుగున్నరకు ఆఖరి బస్తా దిగింది. ఖాళీ అయిన ఆరు డబ్బాలనూ ట్రాక్టరు చివరిసారి పల్లానికి లాగి, కొక్కెం విప్పుకుని పోయింది. అప్పుడు బర్నబా పడమర వైపు చూశాడు. ఆకాశం అంచున ఎర్రటి ధూళి గోడలా లేచి ఉంది. దాని వెనక నలుపు. దూరాన ఏదో షెడ్డు రేకు పక్షిలాగా పైకి లేచి తిరుగుతోంది.

“జల్దీ కానీయుండ్రి!” అని అరిచి, మిట్ట చివరి డబ్బా దగ్గర చెక్క దోపాడు. సుత్తితో రెండు దెబ్బలు. తర్వాతి డబ్బా. మళ్లీ రెండు దెబ్బలు. హమాలీలు పల్లం చివర ఉన్నారు. గొలుసూ తాళమూ అక్కడే పట్టా పక్కన ఉన్నాయి. తను మిగిలిన నాలుగు డబ్బాలు దాటుకుని అక్కడికి పోయేలోగా గాలి వచ్చేస్తుంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి అతడు తన పని ఇంకొకరికి చెప్పాడు.

“ఎల్లయ్యా! ఆ కొసకు జల్దీ కట్టు!”

“ఆఁ, కడ్తున్న!”

ఆ సైడింగులో ‘కట్టుడు’ అనే మాట రెండు పనులకు నడిచేది. హమాలీలకు కట్టుడంటే డబ్బా తలుపులు మూసి తీగతో బిగించడం. తలుపు గాలికి కొట్టుకుని విరిగితే రైల్వేవాళ్లు హమాలీల మీద పడేవారు. బర్నబాకు కట్టుడంటే గొలుసు. ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కనాడూ తేడా కొట్టలేదు. ఎవరి కట్టుడు వాళ్లే కట్టుకునేవారు.

మూడో చెక్క దోపుతుండగా గాలి వచ్చి పడింది. కళ్లలో మన్ను. ఎవరి తలగుడ్డో ముఖానికి తగిలి పోయింది. బర్నబా డబ్బా చాటుకు ఒదిగి మళ్లీ అరిచాడు.

“కట్టినవా?”

“కట్టిన! కట్టిన అన్నా!” ఎల్లయ్య గొంతు గాలిలో చీలికలై వచ్చింది. అతడు ఆఖరి తలుపుకు తీగ మెలివేసి, మనుషులను తోలుకుని గోదాములోకి పరుగెత్తాడు.

చినుకులు పడ్డాయి. లావు చినుకులు, పట్టా మీది యూరియా పొడి మీద. బర్నబా కాలు పెట్టి చూస్తే పట్టా సబ్బుబిళ్లలా జారింది. చెక్కలు జారినా గొలుసుంది కదా అనుకున్నాడు. అనుకున్న మరుక్షణమే భుజానికి ఆనుకున్న డబ్బా మెల్లగా, ఎవరో పిలిస్తే లేచినట్టు, కదిలింది.

చక్రం ముందు చెక్క జారుకుంటూ పోతోంది. ఆరు ఖాళీ డబ్బాలు, మూసిన తలుపులతో, వీపులకు గాలి నింపుకుని నడక వేగంతో పల్లానికి దిగుతున్నాయి. రోడ్డు మీద జనరల్ షిఫ్టు విడిచిన జనం. తలకు చున్నీలూ కొంగులూ చుట్టుకుని, ముఖాలు కిందికి వంచుకుని నడుస్తున్న ఆడవాళ్లు. గాలికి ఎదురు తొక్కలేక సైకిళ్లు దిగి తోసుకుంటున్న మగవాళ్లు. ఎవరూ ఇటు చూడడం లేదు. చూసినా మన్ను తప్ప ఏమీ కనిపించదు.

బర్నబా సంచిలోని మంచం చెక్క అందుకుని పరుగెత్తాడు. డబ్బాలను ఒక్కొక్కటిగా దాటాడు. పల్లం చివర గొలుసు చుట్ట చుట్టుకుని, తాళంతో సహా, తను ఇందాక పెట్టిన చోటే ఉంది. దాన్ని చూశాడు. తిట్టడానికి కూడా ఊపిరి లేదు. మొదటి డబ్బాకు పది అడుగులు ముందుకు పోయి వంగాడు. చెక్క ఒక్కటే పెడితే ఇదీ జారుతుంది. భుజం మీది తువ్వాల తీసి తడి పట్టా మీద పరిచాడు. దాని మీద చెక్క పెట్టి, సన్నటి కొసను చక్రం వైపు తిప్పి, రెండు చేతులతో అదిమి పట్టాడు.

చక్రం చెక్క ఎక్కింది. కర్ర మూలిగింది. ఒక బెత్తెడు జరిగి, తువ్వాల ముడుచుకుని, ఆగింది. వెనక డబ్బాలు ఒకదానికొకటి గుద్దుకుని అయిదుసార్లు ఇనుము మోగింది. ఆ కుదుపుకు డబ్బా మెట్టు ఇనుము ముందుకొచ్చి అతని మెడ వెనక తగిలింది. చూస్తే పెద్ద దెబ్బ కాదు. అతడు చక్రానికి వీపు ఆనించి, అలసిపోయిన మనిషిలా కూర్చుండిపోయాడు.

రోడ్డు మీద ఒకామె తలెత్తి, నాలుగు బారల దూరంలో నిలబడిన డబ్బాను చూసి, “ఓయమ్మో!” అంది. ఇంకెవరో “గాలికే ఆగిందేమోరా,” అన్నారు. జనం వాన పెరగకముందే ఇళ్లు చేరాలని తొందర తొందరగా దాటిపోయారు.

గాలి తగ్గాక ఎల్లయ్య వచ్చాడు. మొదట గొలుసు కనిపించింది. అది అక్కడెందుకుందో అర్థం కాక ఒక క్షణం నిలబడ్డాడు. అర్థమయ్యాక బర్నబా కనిపించాడు.

“అన్నా,” అన్నాడు. “లే అన్నా.”

మరునాడు ముగ్గురు ఆఫీసర్లు వచ్చారు. వీళ్లు వేరే ముగ్గురు. గోదాము వరండాలో కుర్చీలు వేశారు. ఎల్లయ్యను పిలిచి గాలి ఎంతసేపు వచ్చిందని అడిగారు, ఏ దిక్కు నుంచి వచ్చిందని అడిగారు. అతడు చెప్పాడు. వాళ్లు రాసుకుని పోయారు.

బర్నబాను సమాధి చేసిన మూడోనాడు, ప్రార్థనకు వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, ఎల్లయ్య వాళ్లింటి గడప దగ్గర నిలబడ్డాడు. చేతిలో గోనెగుడ్డలో చుట్టిన చెక్క ఉంది. ఇంజను వచ్చి డబ్బాలను లాక్కుపోయిన తర్వాత పట్టా మీద దొరికింది.

“లోపలికి రా,” అంది సౌభాగ్యమ్మ.

అతడు లోపలికి వచ్చి కింద కూర్చున్నాడు. చాలాసేపు గోనెగుడ్డ పోగులు పీకుతూ ఉన్నాడు.

“వదినె, అన్న కట్టినవా అని అడిగిండు. కట్టిన అన్న నేను. తలుపులు కట్టిన వదినె. గొలుసు సంగతి నాకు... ఆఫీసర్లు గాలి గురించే అడిగిండ్రు. నేను గాలి గురించే చెప్పిన.”

సౌభాగ్యమ్మ అతని ముఖంలోకి చూసింది. అరుస్తుందని అతడు తల వంచాడు. ఆమె లేచి, కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి అతని ముందు పెట్టింది. ఎల్లయ్య తాగాడు. నీళ్లు అంగీ మీద పడ్డాయి.

“ఆ మూల కోడు కింద పెట్టు,” అంది. “పొద్దూకేవరకు తెచ్చి పెడ్త అన్నడు.”

ఎల్లయ్య మంచం ఎత్తి చెక్క దోపి వదిలాడు. రూపాయి బిళ్లంత గుంట లేదు. దాని మీద నుంచి అడ్డంగా చక్రం నొక్కిన నున్నటి గాడి పడి ఉంది. మంచానికి చెక్క అందలేదు. కోడుకూ చెక్కకూ నడుమ వేలెడు సందు మిగిలి ఉంది.